వెనక వేయాల్సిన టైర్లు

జూన్ 11

కొత్త టైర్లు ముందు చక్రాలకు వేయించావు. నేను పంపింది నాలుగు. నువ్వు వేయించింది రెండు. ఆ రెండూ వేయకూడని చోట వేయించావు. బాగున్నావా అని తర్వాత అడుగుతాను. ముందు ఇది తేలాలి.

నువ్వు పంపిన ఫోటో అందింది. కారు కడిగించి, తెల్లకోటు మడిచి చేతి మీద వేసుకుని, పక్కన నిలబడ్డావు. ఇంకెవరైనా అయితే నీ మొహం చూస్తారు. నేను టైర్లు చూశాను. ముందుది నల్లగా, నిండు చాళ్లతో ఉంది. వెనకది బట్టతలలా మెరుస్తోంది. మేస్త్రి బిల్లులు చదువుకునే భూతద్దం అడిగి తెచ్చుకుని మళ్లీ చూశాను. బట్టతలే.

"ఏంటే అంత చూస్తున్నావ్, సంబంధమా?" అన్నాడు మేస్త్రి. టైర్ల షాపు ఆయనది కాబట్టి ఊరుకున్నాను.

అక్కా, ఆ టైర్లు నేనెలా ఎంచానో నీకు తెలీదు. మార్చిలో నువ్వు రాశావు, "వాన పడితే బ్రేకు వేసినా కారు ఇంకాస్త ముందుకే పోతోంది, నాకే అలా అనిపిస్తోందేమో" అని. నీకు అనిపించడం కాదు, నిజంగానే పోతోంది. నువ్వేమో ఇళ్లిళ్లూ తిరిగి కట్లు మార్చే నర్సువి. వాన పడుతోంది, రేపొస్తానని పుండుతో చెప్పలేవు. అందుకని మూడు వారాలు ఈ పని మీదే ఉన్నాను. మా దగ్గర నీ కారు కొలతకు సరిపోయేవి మూడు రకాలున్నాయి. ఒకటి ఎన్నేళ్లయినా అరగదు, అందరూ అదే అడుగుతారు. గోరుతో నొక్కి చూశా, రాయి. అరగనిది రోడ్డునేం పట్టుకుంటుంది? రెండోది చూడ్డానికి బాగుంది, అంతే. మూడోది మెత్తన. చాళ్లు లోతుగా ఉన్నాయి, నడుమ ఉన్నవి అంచుల దాకా తెరుచుకుని ఉన్నాయి, నీళ్లు పక్కకు పోవడానికి.

నమ్మకం కుదరక, మేస్త్రి కారు కూడా నీ కారు లాంటిదే కాబట్టి, ఆయన్ని బతిమాలి మూడు రకాలూ దానికే మార్చి మార్చి వేశాను. వెనక పెరట్లో పైపుతో నీళ్లు కొట్టి, సుద్దతో గీత గీసి, అదే వేగంతో వచ్చి గీత మీద బ్రేకు. రాయి రకం గీత దాటి పదకొండు అడుగులు పోయింది. రెండోది తొమ్మిది. నీకు పంపింది ఆరు. "నా కారునేం చేద్దామనుకుంటున్నావే తల్లీ" అని మేస్త్రి తల పట్టుకున్నాడు. "మా అక్కకి" అన్నాను. పైపు ఆయనే అందుకున్నాడు.

ఇప్పుడు విను. రెండే వేస్తే అవి వెనక్కి వేయాలి. తడిలో ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది. నీకు తెలుస్తుంది, కాలు తీస్తావు, మెల్లగా పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే తోక తిరుగుతుంది. ఆ తర్వాత స్టీరింగు నీ చేతిలో ఉన్నా ఒకటే, పక్కింటివాళ్ల చేతిలో ఉన్నా ఒకటే.

రేపే వెనక్కి మార్పించు. మిగతా రెండూ ఏం చేశావో రాయి. పదహారు లోపు జవాబు రావాలి.

చెల్లి

&nbsp;

జూన్ 15

మిరపగింజా,

నీ ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది. స్టాంపు కూడా కోపంతోనే అంటించినట్టున్నావు, సగం ఊడి వేలాడుతోంది.

నేను బాగున్నాను. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను.

ఉత్తరం అందిన సాయంత్రమే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. నీకు తెలుసుగా ఆయన, ఎప్పుడూ నోట్లో పుల్ల నములుతూ ఉంటాడు. నువ్వే పళ్లపుల్ల అని పేరు పెట్టావు. వెనక్కి మార్చండి అని అడిగాను. ఆయన నవ్వాడు. "ఇంజను ముందుంది, లాగేది ముందు చక్రాలు, తిరిగేది ముందు చక్రాలు. కొత్తవి వెనకేస్తే ఏం చేసుకుంటారు నర్సమ్మా, దిష్టికా?" అన్నాడు. ఇరవయ్యేళ్ల అనుభవం ఆయనది. వచ్చేశాను. పైగా తేడా నిజంగానే తెలుస్తోందే. బ్రేకు వేస్తే ఇప్పుడు చక్కగా ఆగుతోంది. నువ్వు మంచివే ఎంచావు.

మిగతా రెండూ నీ గదిలో ఉన్నాయి. కంగారు పడకు, ఎవరికీ ఇచ్చెయ్యలేదు. గోడవారగా పెట్టి దుప్పటి కప్పాను, ఎవరికీ కనబడవు. నీ గదిలో ఇప్పుడు రబ్బరు వాసన వస్తోంది. మొదట కిటికీ తీసి పెట్టాను. తర్వాత మూసేశాను.

కొత్త పేషెంటు ఒకాయన వచ్చాడు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. కాలికి మానని పుండు. రోజు విడిచి రోజు వెళ్లాలి, రైలు వంతెన అవతల. కట్టు కడుతున్నంతసేపూ తప్పులు పట్టుకుంటాడు. "ఆ మడత సూటిగా లేదమ్మా, పదికి నాలుగిస్తాను" అంటాడు. నిన్న ఆరిచ్చాడు. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చాక చెప్పడానికి ఎవరూ లేరు, అందుకే నీకు రాస్తున్నాను.

వేళకు తింటున్నావా? చేతులకు ఏమైనా రాసుకుంటున్నావా? ఆ నలుపు గోళ్ల సందుల్లోకి దిగితే ఇంక పోదు. ఆస్పత్రిలో మేము వాడే సబ్బు రెండు పంపుతున్నాను.

అక్క

తా.క. నీ గది కిటికీ గొళ్లెం బాగు చేయించాను.

&nbsp;

జూన్ 19

దుప్పటి కప్పావు.

ఎవరికీ కనబడవు అని రాశావు. నాకు ధైర్యం చెబుతున్నట్టు రాశావు కూడాను. ఆ తర్వాత సబ్బు పంపావు. బాగుంది అక్కా. టైర్లకు దుప్పటి, నాకు సబ్బు.

మనం ఫోన్లో మాట్లాడుకోవడం ఎందుకు మానేశామో గుర్తుందా? ప్రతిసారీ మధ్యలోనే ఎవరో ఒకరం పెట్టేసేవాళ్లం. ఉత్తరమైతే చివరిదాకా చదవాల్సిందే అని నువ్వే అన్నావు. సరే, ఇది చివరిదాకా చదువు.

రెండేళ్ల నాలుగు నెలల కిందట నేను ఆఖరిసారి ఇంటికొచ్చాను. నువ్వు చేర్పించిన నర్సు కోర్సు సగంలో వదిలేసి ఈ షాపులో చేరి అప్పటికి మూడు నెలలు. రెండో రోజు మీ హెడ్ నర్సు ఇంటికొచ్చింది. మీ చెల్లెలు ఏం చేస్తోంది అని అడిగింది. నేను నీ పక్కనే ఉన్నాను. కంప్యూటర్ పని అని చెప్పావు. చెప్పి, ఆమె నీళ్లు తాగుతుంటే నా వైపు తిరిగి, "చేతులు వెనక్కి పెట్టుకో" అన్నావు. మెల్లగా, పెదాలు కదలకుండా. నేను పెట్టుకున్నాను. ఆమె వెళ్లేదాకా, ముప్పావు గంట, వెనక్కే పెట్టుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రం బండెక్కాను. ఎందుకని నువ్వు అడగలేదు. నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఇంక టైర్ల సంగతి. బ్రేకు వేస్తే చక్కగా ఆగుతోందని సంబరపడుతున్నావు. అదే నా భయం. ముందువి బాగా పట్టుకుంటుంటే నీకు ధైర్యం వచ్చి మలుపులో వేగం తగ్గించవు. వెనకవి పట్టుకోవడం లేదని నీ చేతికి తెలీదు, నీ కాలికి తెలీదు. తెలిసేసరికి అయిపోతుంది. ఇరవయ్యేళ్లు ఒకే తప్పు చేసినా అది ఇరవయ్యేళ్ల అనుభవమే.

నేను పదో తరగతి దాటలేదు, నర్సు పరీక్ష రాయలేదు. టైరు గోడ మీద ఉండే ప్రతి అంకె చదవడం నేర్చుకున్నాను. అది ఏ ఏడు, ఏ వారంలో తయారైందో చూసి చెబుతాను. చిరిగిన కేటలాగులు ఏరుకుని చదివాను. ఎవరూ నేర్పలేదు. మొదట్లో కస్టమర్లు "అమ్మాయా బిగించేది?" అని ఎగాదిగా చూసేవాళ్లు. మేస్త్రి ఏమనేవాడో తెలుసా? "ఆవిడ బిగించింది ఊడితే నా మీసం తీయించుకుంటానండీ." ఇప్పటికీ మీసం ఉంది. దువ్వెన కూడా ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. పళ్లపుల్ల నవ్వినప్పుడు, ఇలా వేయాలని ఎవరు చెప్పారు అని అడిగే ఉంటాడు. అడగకుండా ఉండడు. నువ్వేం చెప్పావు?

ఇరవై నాలుగు లోపు. టైర్లు వెనక్కి, జవాబు నాకు.

చెల్లి

&nbsp;

జూన్ 24

చిట్టీ,

నాకు దెబ్బలేం తగల్లేదు. అది ముందు రాస్తున్నాను, లేకపోతే నువ్వు మిగతాది చదవవు.

నిన్న మధ్యాహ్నం మాస్టారి ఇంటి నుంచి వస్తున్నాను. వాన పెద్దదేం కాదు, పొద్దుటి నుంచి పడి పడి సన్నబడింది. రైలు వంతెన కింద రోడ్డు వంపు తిరుగుతుంది, నీకు తెలుసు, అక్కడ నీళ్లు నిలుస్తాయి. నేను వేగంగా లేను. అంటే, నాకు వేగమనిపించలేదు. ముందు చక్రాలు బాగానే తిరిగాయి. వెనక నుంచి ఎవరో కారుని చేత్తో తోసినట్టయింది, మెత్తగా. చప్పుడు కూడా లేదు. స్టీరింగు ఎటు తిప్పానో నాకు తెలీదు. వంతెన స్తంభం ఒకసారి కనబడింది, మళ్లీ కనబడింది. చివరికి కారు నేను వచ్చిన దారి వైపే చూస్తూ ఆగింది. వెనక చక్రం గట్టుకి తగిలి డొప్ప ఊడిపోయింది. ఎదురుగా వస్తున్న లారీ ఆపుకోగలిగింది కాబట్టి సరిపోయింది. డ్రైవరు దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "ఊపిరి తీసుకో తల్లీ" అన్నాడు. అప్పుడు తెలిసింది, నేను తీసుకోవడం లేదని.

సీటంతా దూది, కట్లగుడ్డలు. ఒక్కొక్కటే ఏరి మళ్లీ పెట్టెలో సర్దుకున్నాను, వరస తప్పకుండా.

నువ్వు చెప్పినట్టే జరిగింది. అక్షరం తేడా లేకుండా.

నువ్వు అడిగిన దానికి జవాబు. ఎవరు చెప్పారని ఆయన అడిగాడు. పేపర్లో చదివానని చెప్పాను. "పేపర్లో వంద రాస్తారు" అన్నాడు. పేపరు తరపున ఎవరు వాదిస్తారు చెప్పు? మా చెల్లెలు చెప్పింది, దానికి ఇదే పని అని ఉంటే ఆయన విని ఉండేవాడేమో. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. ఆయన షాపు బెంచీ మీద కూర్చున్న వాళ్లంతా నేను ఊళ్లో ఎవరెవరికి కట్లు కట్టానో వాళ్లే. నీకు కంప్యూటర్ పని అని నమ్ముతున్న వాళ్లే.

చేతుల సంగతి ఇప్పుడే రాయలేను. రాస్తాను.

అక్క

&nbsp;

జూన్ 27

మెడ నొప్పి ఉందా? తలనొప్పి? రెండో రోజు మొదలయ్యే నొప్పులుంటాయి, నర్సువి, నీకు నేను చెప్పక్కర్లేదు. కానీ నర్సులు వాళ్ల ఒళ్లు వాళ్లు చూసుకోరు. ఎవరికైనా చూపించుకో. చూపించుకున్నానని రాయి. ఆ కారు ముట్టుకోకు.

నీ ఉత్తరం షాపులో చదివాను. చదివి జాకీ కింద పెట్టాల్సిన చెక్క పైన పెట్టాను. మేస్త్రి చేతిలోంచి లాక్కుని "నువ్వివాళ బోల్టు ముట్టుకోకు, లెక్కచూసి గోదాంలో టైర్లు పేర్చు" అన్నాడు. పేర్చాను. సాయంత్రం చూస్తే అన్నీ నీ కారు కొలతవే విడిగా పేర్చి ఉన్నాయి.

నేను గెలిచానని అనుకుంటున్నావేమో. "చెప్పినట్టే జరిగింది" అని రాశావు. నేను చెప్పినట్టు ఎప్పుడూ జరక్కూడదు అక్కా. నేను చెప్పేదే జరక్కూడదని.

మొన్న ఒక ఎర్రకారు వచ్చింది, నీదే అచ్చు. డ్రైవరు సీటు నీలాగే బాగా ముందుకు లాగి ఉంది, వెనక వీపుకి మడిచిన తువ్వాలు. నాలుగు టైర్లూ మార్చి, గాలి చూసి, పనయ్యాక తలుపు తీసి కూర్చున్నాను. అద్దం కూడా నీ ఎత్తుకే ఉంది. అందులో నా నుదురు మాత్రమే కనబడింది. ఆ కారావిడ టీ తాగి వచ్చి, "అయిపోయిందామ్మా?" అంది. ఇంకా లేదండీ అన్నాను. అబద్ధం. ఇంకో ఐదు నిమిషాలు కూర్చున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. పళ్లపుల్లకి నా సంగతి చెప్పొద్దు. పోయిన ఉత్తరంలో నేను రాసిందంతా పక్కన పెట్టు. ఎవరో పెద్ద ఇంజనీరు చెప్పాడని చెప్పు. డాక్టరు గారు చెప్పారని చెప్పు. కలలో కనబడిందని చెప్పు. కంప్యూటర్ పని చేసే చెల్లెలు కంప్యూటర్లో చూసి చెప్పిందని చెప్పు, నాకేం బాధ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోమంటే అక్కడ పెట్టుకుంటాను. టైర్లు వెనక్కి పోవాలి. అంతే కావాలి.

ఆ పళ్లపుల్ల బుర్రకి ఎక్కేలా విడమరిచి రాస్తున్నాను, కావాలంటే చదివి వినిపించు: "కొత్త టైర్లు ముందుంటే కారు తొందరగా ఆగుతుంది, నిజమే. కానీ మలుపులో తడి ఉంటే అరిగిన టైరు నీళ్లని పక్కకి నెట్టలేదు, నీళ్ల మీద తేలుతుంది. ముందు తేలితే డ్రైవరు సర్దుకోవచ్చు. వెనక తేలితే కారే డ్రైవరుని తిప్పేస్తుంది. లాగేది ముందు చక్రాలా వెనక చక్రాలా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఈ సంగతి తెలీని వాడు నోట్లో పుల్ల తీసి చెవిలో పెట్టుకుంటే కాస్త వినబడుతుందేమో."

ఆఖరి వాక్యం చదవకు.

గదిలో ఉన్న రెండూ ఎందుకు వేయించడం లేదో ఇప్పటికీ చెప్పలేదు నువ్వు. సిగ్గు అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోవాలో తెలీడం లేదు.

నాలుగో తేదీ లోపు రాయి. మెడ సంగతి మొదటి వాక్యంలో ఉండాలి.

చెల్లి

&nbsp;

జూలై 2

మెడ బాగుంది. ఎక్స్‌రే తీయించుకున్నాను. హెడ్ నర్సు దగ్గరుండి తీయించింది.

మిరపగింజా, నిన్న పొద్దున్నే కారు లాగించుకుని పళ్లపుల్ల దగ్గరికి వెళ్లాను. బెంచీ మీద ముగ్గురున్నారు. గాలి కొట్టే మిషను దడదడలాడుతోంది.

"మళ్లీ పేపర్లో ఏమైనా రాశారా నర్సమ్మా?" అన్నాడు.

"పేపరు కాదు" అన్నాను. వినబడలేదు. "ఆఁ?" అన్నాడు. పేపరు కాదు అని అరిచాను. "మరి?" అని ఆయనా అరిచాడు. ఊపిరి బిగపట్టి గట్టిగా అరుస్తూ చెప్పాను, సరిగ్గా నా వాక్యం సగంలో ఉండగా మిషను ఆగిపోయింది. షాపంతా నిశ్శబ్దం. అందులో నా గొంతొక్కటే: "మా చెల్లెలు టైర్లు బిగిస్తుంది!"

ఎదురుగా ఉన్న మందుల షాపువాడు కూడా తల బయటికి పెట్టి చూశాడే.

"కంప్యూటర్ కదండీ?" అన్నాడు బెంచీ మీద ఒకాయన.

"కాదు. నేను అబద్ధం చెప్పాను. రెండున్నరేళ్లుగా టైర్ల షాపులో పని చేస్తోంది. ఇంతకీ ఈ టైర్లు అదే ఎంచి పంపింది. వెనక్కి వేయమని ముందే చెప్పింది. నేను మీకు చెప్పలేదు. అందుకే కారు తిరిగిపోయింది."

పళ్లపుల్ల నోట్లో పుల్ల తీశాడు. ఆయన పుల్ల తీయడం నేను మొదటిసారి చూడటం. "టైర్లు ఊడదీయడానికి ఏం మిషను వాడతారు వాళ్లు?" అన్నాడు. తెలీదన్నాను. నాకు చాలా సిగ్గేసింది, నువ్వు టైర్లు బిగిస్తావని కాదు. నువ్వు ఏ మిషను మీద పని చేస్తావో నాకు తెలీనందుకు. నీ ఉత్తరం చదివి వినిపించాను. సగం అయ్యేసరికి ఆయనే చేతిలోంచి తీసుకుని చదివాడు. ఆఖరి వాక్యం మీద బొటనవేలు పెట్టాను కానీ ఆయన వేలు పక్కకి జరిపి మరీ చదివాడు. పుల్ల వైపు చూసుకున్నాడు. "పని తెలిసిన పిల్ల కాబట్టి ఊరుకుంటున్నా" అన్నాడు. తర్వాత జాకీ వేసుకుంటూ, "ముందే చెప్పుంటే ఏం పోయేదమ్మా? పని చేసేవాళ్లు చెబితే వినకపోవడానికి నేనేమైనా ఆఫీసరునా?" అన్నాడు. కొత్తవి వెనక్కి వేశాడు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఇవాళ హెడ్ నర్సు నన్ను ఆపి, "నీ చెల్లెలు నా కారుకి కూడా చెబుతుందా?" అని అడిగింది. అంతే. రెండేళ్ల నాలుగు నెలలు నేను దేనికి భయపడ్డానో అది అంతే.

నీ చేతుల సంగతి. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు, నాకు పంతొమ్మిది. నిన్ను బాగా పెంచానని అందరూ అనాలని ఉండేది నాకు. నిన్ను పెంచడం కన్నా ఆ అనిపించుకోవడం ఎప్పుడు ఎక్కువైందో నాకు తెలీదు. ఆ రోజు నువ్వు ముప్పావు గంట నిలబడ్డావని నాకు తెలుసు. నేనూ గడియారం చూస్తూనే కూర్చున్నాను.

దుప్పటి సిగ్గుతో కప్పలేదే పిచ్చిదానా. పార్సిల్లో నువ్వే చీటీ పెట్టావు, వెలుతురు తగిలితే రబ్బరు పగులుతుందని. ఎవరికీ కనబడవని రాసింది, నీ టైర్లు ఎవరూ అడిగి పట్టుకుపోరని.

ఇంక అవి ఎందుకు వేయించలేదంటావా? నాలుగూ ఒక్కసారి వేయించేస్తే ఈ ఇంట్లో నీకు ఇంక పనేం మిగలదనిపించింది. రెండు ఉంచితే, అవి వేయడానికైనా వస్తావేమో అని. అంతే. నేను చదువుకున్నదాన్నే, కానీ ఇంతకన్నా మంచి ఉపాయం తట్టలేదు. ఇప్పటికీ అవి నీ గదిలోనే ఉన్నాయి. నీ చేత్తోనే బిగించాలి.

మాస్టారు నిన్న ఎనిమిదిచ్చాడు.

అక్క

&nbsp;

జూలై 5

నువ్వు చేసిన పని తప్పు. రెండు టైర్లు గదిలో దాచిపెట్టి, రెండు బట్టతలల మీద నెలరోజులు వానలో తిరిగావు, నన్ను పిలవడానికి. నువ్వు స్తంభానికి కొట్టుకుని ఉంటే నేను వచ్చేదాన్నే. పరిగెత్తుకుని వచ్చేదాన్ని. అలా పిలవాలనుకున్నావా?

ఉత్తరం ఇవాళ పొద్దున ఇంట్లో మూడుసార్లు చదివాను. మిషను ఆగిపోయిన చోట నవ్వు ఆగలేదు, పక్క గది ఆవిడ గోడ మీద కొట్టింది. గడియారం చూస్తూ కూర్చున్నానన్న చోట నవ్వలేదు. దాని గురించి ఇప్పుడే ఏమీ రాయను. నాకు నీలాగా సర్దుకుంటూ రాయడం రాదు. ఉన్నది రాస్తే ఇంకోలా ఉంటుంది. కోపం ఉంది. పోలేదు. కొంచెం చోటు మారింది, అంతే.

పళ్లపుల్లకి చెప్పు, మాది నిలువు స్తంభం మిషను, దాని చెయ్యి పక్కకి వాలుతుంది. ఆయనది ఎలాంటిదో రాయమను.

ఇప్పుడు టైర్లు. గదిలో ఉన్న రెండూ రేపే ఆయన చేత ముందు చక్రాలకి వేయించు. నేను వచ్చేదాకా ఆగకు. ఒక్క రోజు కూడా ఆగకు. నాలుగూ ఒకే రకం ఉంటేనే కారు తడిలో ఒక మాట మీద ఉంటుంది. గాలి పొద్దున్నే, కారు కదలకముందు చూడమను, వేడెక్కాక చూస్తే తప్పు చూపిస్తుంది. మొదటి వారం మెల్లగా పో. కొత్త రబ్బరు పైన నునుపుగా ఉంటుంది, అది కాస్త అరిగితేగాని పట్టు రాదు. వంతెన కింద రెండో గేరు. ఇవన్నీ నేను అక్కడ లేకుండానే జరగాలి. నీ బతుకు నేను వస్తానా రానా అన్నదాని మీద ఆధారపడి ఉండకూడదు.

వేయించేశాక నీ దగ్గర నన్ను రప్పించడానికి ఏ పనీ ఉండదు. గది ఖాళీ. కిటికీ గొళ్లెం కూడా బాగు చేయించేశావు. ఏం సాకు చెబుతావో చూస్తాను.

రెండేళ్ల నాలుగు నెలలు అక్కా. ఇప్పటికి అయిదు. ఇన్ని ఉత్తరాలు రాశావు. సబ్బు పంపావు, స్వెటరు పంపావు, ఎవరెవరి పుండు ఎంత మానిందో రాశావు. ప్రతి కవరూ చింపి ముందు ఆఖరి పేజీ చూసేదాన్ని. "వేళకు తిను" ఉండేది. "చలికి జాగ్రత్త" ఉండేది. ఒక్కసారి కూడా రమ్మని లేదు. పిలవనిచోటికి వెళ్లి మళ్లీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచించే ఓపిక నాకు లేదు. నువ్వేమో నేనే వస్తానని చూశావు. నేనేమో నువ్వే పిలుస్తావని చూశాను. ఇద్దరం కలిసి ఏడిపించుకున్నాం.

నాకు వారం సెలవు ఇస్తానన్నాడు మేస్త్రి. నేను అడగలేదు. గోదాంలో పేర్చిన టైర్లు చూసి ఆయనే అన్నాడు.

కాబట్టి ఒక ఉత్తరం రాయి. అందులో టైర్ల మాట ఉండకూడదు. కారు మాట, వాన మాట, మాస్టారి మార్కులు, ఏమీ ఉండకూడదు. పని ఉందని రాయకు. గది ఖాళీగా ఉందని రాయకు. ఒంట్లో బాగోలేదని అస్సలు రాయకు. రమ్మని రాయి. అంతే రాసి సంతకం పెట్టు.

పదకొండో తేదీ, శనివారం, మధ్యాహ్నం పోస్టుకి అది నా చేతిలో ఉండాలి. ఆ తర్వాత వచ్చింది చదవను.

చెల్లి